మెట్ల కింద మల్లిక

మల్లిక సంగతి చెప్పాలంటే మొదలు వాళ్ల బాపు గుర్వయ్య నుంచి చెప్పాలె. ఆమె పేరు, ఆమె కోపం, ఆమెకు ఎసొంటి పుస్తకాలు నచ్చుతయో, అన్నీ నాకు ఆయన నోటెంబడే ముందుగాల తెలిసినయి. మనిషిని చూసింది ఆ తర్వాత ఏడు నెలలకు.

2016ల నాకు దేవరకొండ తొవ్వల ఉన్న ఒక మండలం ఊర్ల శాఖా గ్రంథాలయానికి పోస్టింగ్ వచ్చింది. మా ఇంట్ల నెల జీతం ఎత్తిన మొదటి మనిషిని నేనే. మా నాయిన బెంజమిన్ రాళ్లు కొట్టి నన్ను చదివించిండు. "ఎస్తేరు మేడం" అని ఎవరన్న పిలిస్తే మొదట్ల వెనుకకు తిరిగి చూస్తుంటి, నా వెనుక ఇంకెవరో ఉన్నరని. పెద్ద సార్లు వస్తే లేచి నిలబడుడు, వాళ్లు ఏమన్నా "సరే సార్" అనుడు, ఇవి నాకు ఎవరు నేర్పకుంటనే వచ్చినయి. తప్పు తప్పించుకునేటందుకు చెప్తలేను. అట్ల ఉంటినని చెప్తున్న.

గ్రంథాలయం అంటే అప్పుడు రెండు పెంకుల అర్రలు, అవి కూడ కిరాయివి. పొద్దున ఎనిమిదింటికి తాళం తీస్తే పేపర్లు చదివే ముసలోళ్లు, ఆ ఎనుక కొలువుల పరీక్షలకు చదువుకునే పిల్లలు. పది రోజులకోసారి గుర్వయ్య వస్తుండె. గొర్లు కాసే మనిషి. పుస్తకాలను తువ్వాలల మూట గట్టి తెచ్చి, బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకొని నిలబడేటోడు. బిడ్డ పేరు మీద మెంబరు కార్డు ఉన్నది. బిడ్డ అన్నడు గద అని నేను బొమ్మల పుస్తకాలు నాలుగు ఇచ్చిన.

మళ్లసారి వచ్చినప్పుడు ఆయన జర ఇబ్బందిగ అన్నడు, "గివి చిన్నపిల్లలయట మేడం. బిడ్డ కోపం జేసింది. పెద్దయి ఇయ్యమన్నది."

"ఎంత పెద్దయి?"

ఆయన కొంచెంసేపు ఆలోచించి, రెండు వేళ్లు ఎడంగ పెట్టి చూపిచ్చిండు. "గింత మందం."

నవ్వుకుంట ఒక లావు నవల ఇచ్చిన. పది రోజులకు అది చదివి పంపింది. ఇంకోటి ఇచ్చిన. అదీ అయిపోయింది. ఆరేడు నెలలు ఇట్లనే నడిచింది. ఒకనాడు అడిగిన, "ఆమెనే తోల్కరారాదు గుర్వయ్యా, తనకు కావల్సినయి తనే ఏరుకుంటది."

"ఆమె నడువదు మేడం," అన్నడు.

ఆ శుక్రవారం మాకు సెలవు. వాళ్ల ఊరు కంచెపల్లికి ఆయన మోపెడు ఎనుకనే నా స్కూటీ మీద పోయిన. ఇంటి ముందట రేకుల పందిరి కింద మంచం. మంచం చుట్టు ఏడెనిమిది మంది పిల్లలు. మంచం మీద కూసున్నామె ఎనిమిదేండ్ల పిల్లంత ఉన్నది, ముఖం మటుకు నా ఈడు ఆడమనిషిది. కాళ్లు విల్లు తీరుగ వంగిపోయి, మెడ భుజాలల్లకు దిగిపోయి ఉన్నది. మా దిక్కు ఇది ఎవరికి చెప్పే పని లేదు. ఫ్లోరైడు బోరు నీళ్లు తాగిన ఊర్లల్ల ఇంటికొకలో ఇద్దరో ఇట్లున్నోళ్లు ఉన్నరు. కృష్ణ నీళ్లు నల్లాలకు వచ్చేసరికి మల్లికకు ఇరవై ఆరేండ్లు. ఎముకలు అప్పటికే ముదిరిపోయినయి.

ఆమె నా దిక్కు సూత చూడలేదు. "కూసోన్రి మేడం. కత నడుమ ఉన్నది," అన్నది.

నేను కింద పిల్లల నడుమ కూసున్న. ఒక గొర్రె తన మందలకెంచి తప్పిపోయి, ఇంకొకల మందల కలిసి, ఆ కాపరికి తన మీద అనుమానం రాకుండ ఏం తిప్పలు పడ్డదో, అది కథ. పిల్లలు నవ్వుతున్నరు. నేను కూడ నవ్విన. మళ్ల ఆ గొర్రె పొద్దుమీకినప్పుడు తన అసలు కాపరి పిలుపు దూరంకెంచి ఇని, అరవాల్నా వద్దా అని ఆగినకాడ నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. గట్ల చెప్తుండె ఆమె.

"ఈ కథ ఏ పుస్తకంల చదివినవు?" అని అడిగిన.

"పుస్తకాలల్ల గొర్ల కతలు ఎవరు రాస్తరు," అన్నది.

అట్ల మొదలైంది మా ఆదివారం కథ. పొద్దున తొమ్మిదింటికి గుర్వయ్య మోపెడు ముందట చిన్న పీట కట్టి, దాని మీద ఆమెను కూసోబెట్టుకొని గ్రంథాలయానికి తెచ్చేటోడు. మొదటి ఆదివారం తొమ్మిది మంది పిల్లలొచ్చిన్రు. అందరు ఆమెను అట్లనే చూసుకుంట నిలబడ్డరు. ఒకడు అడగనే అడిగిండు, "నువ్వు పెద్దదానివా, చిన్నదానివా?"

"నీకన్న పెద్దదాన్ని, మీ సారుకన్న చిన్నదాన్ని. కూసో," అన్నది మల్లిక. వాడు కూసున్నడు. ఆ ఎనుక ఆ మాట ఎవరు అడగలేదు.

ఏడాది తిరిగేసరికి ఆదివారం వస్తే అర్ర సరిపోలేదు. కిటికీలల్ల కూసోని ఇంటుండిరి. "ముసలోళ్లు పేపరు చదువ వస్తరు గద అక్కా, మరి ముసలవ్వలు ఎందుకు రారు?" అని ఒకనాడు మల్లికనే నన్ను అడిగింది. చదువు రాదు గద అన్న. "పాడ వచ్చు గద," అన్నది. అట్ల నెలకొకసారి పాటల పూట పెట్టినం. గోపమ్మ అనే డెబ్బై ఏండ్ల అవ్వ నాట్ల పాటలు మొదలుపెడితే ఎనుక పదిహేను గొంతులు అందుకునేటివి. పేపర్లు మడిచిపెట్టి ముసలోళ్లు ఇనేటోళ్లు. పరీక్షలకు చదివే పిల్లలు మాత్రం గొడవ అయితాందని నాతోని కొట్లాడేటోళ్లు. కరోనాకు ఏడాదిన్నర అంత బందయింది. తెరిచినంక మొదటి ఆదివారం నలభై ఒక్క మంది వచ్చిన్రు. మల్లిక వాళ్లను చూసి, "ఎంత పొడుగైన్రు మీరంత," అన్నది.

ఆమె మంచిదని చెప్పను. నోరు ఖతర్నాక్. ఎవరన్న "పాపం" అంటే ఆ దినమంత వాళ్లతోని మాట్లాడేది కాదు. పిల్లల గౌన్లు సరిపోతయని ఎవరో తెచ్చి ఇస్తే మొఖం మీద ఇసిరి కొట్టింది. నాతోని సూత మూడుసార్లు లడాయి పెట్టుకున్నది, పుస్తకాల మీద ఒకసారి, కథలకు లేట్‌గ తాళం తీసినందుకు రెండుసార్లు. నన్ను మేడం అనుడు మానేసి అక్క అనుడు ఎప్పుడు మొదలుపెట్టిందో నాకు యాదికి లేదు.

2022ల గ్రంథాలయానికి కొత్త బిల్డింగు అయింది. కింద ఆఫీసు, పేపర్ల రూము. పైన పెద్ద హాలు. హాలుకు ఇరవై రెండు మెట్లు. నవంబరుల గ్రంథాలయ వారోత్సవాలు వస్తయి గద, ఆఖరి దినమే ప్రారంభోత్సవం పెట్టిన్రు. ఇరవయ్యో తారీఖు. ఆదివారమే పడ్డది.

జిల్లా నుంచి రఘుపతి సారు వచ్చి ఏర్పాట్లు చూసిండు. పిల్లల కార్యక్రమం ఒకటి పెడదామంటే సరే అన్నడు. నేను ఆ మాపటికే కంచెపల్లికి పోయి మల్లికకు చెప్పిన. పెద్దోళ్ల ముందట, మైకుల, ఒక పావుగంట కథ. ఆమె వేళ్ల మీద పిల్లలను లెక్కబెట్టింది. ఆ ఎనుక, "నేను చెప్త, పిల్లలు ఆడుతరు," అన్నది. "కొత్త కత కడ్త."

రెండు నెలలు తయారయిన్రు. ఇరవై మంది పిల్లలు. ఆదివారాలు సరిపోక బుధవారం సాయంత్రం కూడ వస్తుండె. ఆ నెలల నేను షామియానాలు, ఫ్లెక్సీలు, పిలుపు కార్డులు, వీటి ఎంబడి తిరుగుతున్న. వాళ్లు చేస్తున్న అర్ర ముంగటికెంచి పోయేటప్పుడు ఒక మాట, ఒక నవ్వు చెవుల పడేది. కూసోని ఇననైతే ఒక్కనాడు ఇనలేదు. ఇంటనంటే మల్లికనే వద్దన్నది. "ఆ దినం ఇను అక్కా. ఇప్పుడు నీకు సగం ఇని పోయే పనే ఉంటది."

ఆ దినం పొద్దుగాల తొమ్మిదిన్నరకు గుర్వయ్య ఆమెను తెచ్చిండు. ఆమె చీర కట్టుకున్నది. వాళ్లమ్మ బిక్షమ్మ పోచంపల్లి చీర సగానికి కోసి అంచు కుట్టిచ్చింది. ఆమెను చీరల నేను ఎన్నడు చూడలేదు. "బాగున్నవు," అంటే, "తెలుసు," అన్నది.

బిక్షమ్మ కూడ వచ్చింది. ఆమె ఆదివారం సెలవు ఎరుగని మనిషి. కూలికి పోని దినం లేదు. ఆరేండ్లల్ల బిడ్డ నలుగురిల కథ చెప్పంగ ఆమె ఒక్కసారి ఇనలేదు. అందుకని ఆ పొద్దు పత్తి ఏరుడు ఇడిసిపెట్టి, కంచెపల్లి ఆడోళ్లను ఇంక ఐదారుగురిని ఆటోల ఏసుకొని వచ్చి షామియానా కింద ముందు వరుసల కూసున్నది.

మెట్లకు రెండు దిక్కుల పూలు కట్టి ఉన్నయి, మెట్టుమెట్టుకు ముగ్గు ఏసి ఉన్నది. గుర్వయ్య బిడ్డను ఎత్తుకొని మెట్లెక్కబోతే అక్కడ ఉన్నోళ్లు, ముఖ్య అతిథి రాకముందు ముగ్గు తొక్కొద్దన్నరు. నేను ఒక కుర్చీ తెచ్చి మెట్ల కింద నీడకు ఏసిన. "పది నిమిషాలు కూసో మల్లికా. వాళ్లు రాంగనే ముందు నిన్నే పైకి తీస్కపోత," అన్న.

పదకొండు అన్నోళ్లు పన్నెండుకు రాలేదు. ఒంటిగంటకు రాలేదు. ఫోన్ చేస్తే తొవ్వల ఉన్నరన్నరు. షామియానా కింద సగం మంది లేచిపోయిన్రు. కంచెపల్లి ఆడోళ్లకు ఆటో మళ్ల వచ్చింది, మాపటి దాక పత్తి ఏరేటందుకు. బిక్షమ్మ బిడ్డ కాడికి పోయి నిలబడ్డది. పోవాల్నా ఉండాల్నా తేలుతలేదు.

"పో అమ్మా, ఇంక ఎప్పటికైతదో. ఇంటికొచ్చి నీకు మొత్తం చెప్త," అన్నది మల్లిక.

ఆమె పోయింది.

రెండున్నరకు కార్లు వచ్చినయి. అందరం ఉరికినం. రిబ్బను కత్తిరిచ్చుడు, దీపం, దండలు. జనమంత ముఖ్య అతిథి ఎంబడే మెట్లెక్కిన్రు. ఆ తోపుల గుర్వయ్య బిడ్డను ఎత్తుకొని పక్కకు జరిగి, మళ్ల తెచ్చి కుర్చీల కూసోబెట్టుడు నాకు పైకెంచి కనబడ్డది. పిల్లలు మొఖాలకు రంగులు పూసుకొని ఆమె చుట్టు కూసున్నరు. వాళ్లు పొద్దటి సంది ఏం తినలేదు. మీటింగు అయినంకనే భోజనాలు.

ఉపన్యాసాలు నాలుగు దాకా నడిచినయి. పుస్తకాలు ఎంత గొప్పయో ఏడుగురు చెప్పిన్రు. నేను రఘుపతి సారు ఎనుక నిలబడి, "సార్, పిల్లల కార్యక్రమం," అని రెండుసార్లు అన్న. మూడోసారి ఆయన లేచి నా ఎంబడి మెట్ల కాడికి వచ్చి గడియారం చూసుకున్నడు.

"ఎంతసేపు అది?"

"పావుగంట సార్."

"పావుగంట ఏడుంది. సార్‌కు ఇంకో మీటింగు ఉంది. ఆ అమ్మాయిని పైకి తెచ్చుడు, మళ్ల దించుడు, అదంతా టైం పట్టే పని. పోయేటప్పుడు కిందనే ఒక శాలువా కప్పి ఫొటో దిగుదాం. అయిపోతది."

నేను మెట్ల పైన నిలబడి ఉన్న. కిందికి చూసిన. మల్లిక తల పైకెత్తి నన్నే చూస్తున్నది. మెడ అంత పైకి ఎత్తుడు ఆమెకు ఎంత నొప్పో నాకు ఎరుకే. చెయ్యి లేపి, ఇప్పుడేనా అన్నట్లు ఊపింది. పిల్లలు లేచి వరుస కట్టిన్రు. గుర్వయ్య ఆమెను ఎత్తుకునేటందుకు వంగిండు.

నేను మొఖం తిప్పుకున్న. "సరే సార్," అన్న.

ముఖ్య అతిథి దిగి వచ్చి ఆమె భుజాల మీద శాలువా కప్పిండు. ఫొటోలు దిగిన్రు. ఆయన చెడ్డ మనిషేం కాదు. వంగి, మెల్లగ అడిగిండు, "ఏ క్లాసు చదువుతున్నవు బిడ్డా?"

"నాకు ముప్పై రెండేండ్లు సార్."

ఆయన నవ్వాల్నో వద్దో తెలువక ఆమె తల నిమిరిండు. మల్లిక, "కత చిన్నదే సార్," అన్నది. "నిలబడి ఇన్నా అయిపోతది."

ఆయన రఘుపతి సారు దిక్కు చూసిండు. సారు గడియారం దిక్కు చూసిండు. "ఇంకోసారి తప్పకుండ వింటనమ్మా," అని ఆయన కారెక్కిండు. కార్లు పోయినంక ఉన్న జనం భోజనాల దిక్కు పోయిన్రు. పిల్లలు అటు ఇటు చూసి, ఆకలికి ఆగలేక వాళ్లు కూడ ఉరికిన్రు.

నేను కుర్చీ ముంగట కింద కూసున్న. "చెప్పు మల్లికా. నేను ఇంట. పిల్లలను పిలుస్త."

"తిననియ్యి అక్కా. పొద్దటి సంది ఉపాసమున్నరు," అన్నది. గొంతుల కోపం లేదు. కోపం చేస్తదేమోనని నేను ఎంత చూసిన్నో. శాలువా మడత పెట్టి వాళ్ల బాపు చేతికిచ్చింది. ఆయన ఆమెను ఎత్తుకొని మోపెడు కాడికి పోయిండు.

మళ్ల ఆదివారం ఆమె రాలేదు. ఆ పై ఆదివారం రాలేదు. పిల్లలు తొమ్మిదింటికి వచ్చి, పదింటి దాక ఎదురుచూసి పోతున్నరు. డిసెంబరుల నేను కంచెపల్లికి పోయిన. మంచం పందిరి కింద లేదు, లోపలికి మార్చిన్రు. చలికి ఎముకలు పీకుతయి. నన్ను చూసి నవ్వింది. చాయ్ పెట్టిచ్చింది. కొత్త బిల్డింగుల ఎన్ని బీరువాలు వచ్చినయని అడిగింది. నేను క్షమించమని అడుగవొయ్యి, హాలు గురించి చెప్పుకుంట కూసున్న. కథలను కింది వరండాలకు మార్చిన, ఇంక మెట్లు ఎక్కే పని లేదు అన్న.

ఆమె అంత ఇన్నది. ఇని అన్నది, "మెట్ల గురించి నాకేం లేదక్కా. ఇరవై రెండు మెట్లు మా బాపు ఎత్తుకపోతడు. నువ్వు నన్ను చూసి మొఖం తిప్పుకున్నవు. అదే."

నేను చాయ్ గిలాస కింద పెట్టిన.

"నీ కొలువు నీకు ముఖ్యం, నాకెరుకే. నీ జాగల నేనున్నా గంతే చేస్తుంటినేమో," అన్నది. మళ్ల తనే, "చెయ్యకపోతునేమో," అన్నది.

లేచి వచ్చేటప్పుడు వాకిట్ల బిక్షమ్మ ఎదురయింది. నా చెయ్యి పట్టుకొని, "మీ దయ మేడం. నా బిడ్డకు శాలువా కప్పిన్రు," అన్నది. లోపట మంచం మీదికెంచి మల్లిక మమ్ములను చూస్తున్నది. నేను చెప్పులు ఏసుకొని వచ్చేసిన. మల్లిక తల్లికి ఏం చెప్పిందో నాకు అప్పుడు తెలువది.

ఎండలు ముదరంగనే వస్తనన్నది మల్లిక. నేను కూడ వస్తదనే అనుకున్న. ఫిబ్రవరిల గుర్వయ్య ఫోన్ చేసిండు. నల్గొండల దవాఖానల ఉన్నమన్నడు. రొమ్ము ఎముకలు లోపలికి వంగి ఊపిరి ఆడుతలేదట. దగ్గుతోని మొదలై అంత దూరం పోయింది.

పోయేసరికి ముక్కుకు గొట్టం పెట్టి ఉన్నది. ఆ మంచం పెద్దోళ్లది. దాంట్ల ఆమె ఒక మూలకు ఉన్నది. నన్ను చూసి చెయ్యి కదిలిచ్చింది.

"పిల్లలు వస్తున్నరా?"

"వస్తున్నరు."

"ఎవరు చెప్తున్నరు?"

"నేనే."

"నీకు రాదు అక్కా," అన్నది. ఒక్కొక్క మాటకు ఆగుతున్నది. నవ్వబోయి దగ్గింది. నర్సు వచ్చి మాట్లాడియ్యొద్దన్నది.

ఆ కథ ఏందో అడగాలనుకున్న. ఎన్నో దినాల సంది అడగాలనుకున్న. కని ఆమెకు ఉన్నదే అంత ఊపిరి. నా తప్పు దిద్దుకునేటందుకు దాన్ని ఎట్ల అడుగుత. ఆమె చెయ్యి పట్టుకొని కూసున్న. గుర్వయ్య మంచం కాళ్ల దిక్కు నిలబడి, మాటిమాటికి ఆమె కాళ్ల మీది దుప్పటి సర్దుతున్నడు.

మూడో దినం పోయింది. వాళ్ల చెలక గట్టున బొంద పెట్టిన్రు. పిల్లలు ముప్పై మంది దాక నడిచి వచ్చిన్రు. ఎవరు తోలుకరాలేదు, వాళ్లంతల వాళ్లే వచ్చిన్రు. పెద్దపిల్లలు ఏడుస్తుంటే చిన్నపిల్లలు వాళ్ల మొఖాలు చూసి ఏడుస్తున్నరు.

ఆ తర్వాత నేను పిల్లలను ఒక్కొక్కలను పిలిచి అడిగిన, ఆ దినం చెయ్యాల్సిన కథ ఏందని. ఒకలు వాన మొగులు కథ అన్నరు. ఒకలు కాదు బావి కథ అన్నరు. నేను గొర్రెను, నేను గాలిని, నేను బొక్కెనను అని వాళ్ల వాళ్ల మాటలు చెప్పిన్రు. నడుమ ఏమైతదంటే, అది మల్లికక్క చెప్తది మేడం అన్నరు. రాసి పెట్టిందేమోనని గుర్వయ్యను అడిగితే, బిడ్డ ఎన్నడు రాయలేదన్నడు. కతలు రాస్తే చల్లారుతయి అనేదట.

నెల తిరిగినంక, అంగడి దినం నాడు బిక్షమ్మ గ్రంథాలయానికి వచ్చింది. చెప్పులు బయట ఇడిసి, కొంగు కప్పుకొని నా బల్ల ముంగట నిలబడ్డది. కూసో అంటే కూసోలేదు.

"నా బిడ్డ కత చెప్పిన జాగ చూసిపోదమని వచ్చిన మేడం," అన్నది. "ఆ దినం నేను పత్తికి పోతిని గద."

నాకు అప్పుడు సమజయింది. ప్రారంభోత్సవం నాటి రాత్రి మల్లిక తల్లికి చెప్పిన మాటలు బిక్షమ్మ నాకు చెప్పింది. కథ చెప్పిన్నని, సార్లందరు ఇన్నరని, అయిపోయేసరికి హాలంత సప్పట్లు కొట్టిన్రని, అందుకే శాలువా కప్పిన్రని చెప్పిందట. గుర్వయ్య పక్కనే కూసోని ఏం అనలేదట.

నేను ఆమెను మెట్లెక్కిచ్చి పైకి తోల్కపోయిన. ఆమె మోకాళ్లు కూడ అవే నీళ్లు తాగిన మోకాళ్లు. మెట్టుకొకసారి ఆగుకుంట ఎక్కింది. హాలుల వేదిక చూపిచ్చిన.

"ఈడనా?"

"ఈడనే," అన్న.

ఆమె పోయి ఆ వేదిక అంచు మీద చెయ్యి పెట్టి నిలబడ్డది. అట్లనే నిలబడి ఏడుపు మొదలుపెట్టింది. "ఒక్క పూట పత్తి ఇడిసిపెడితే ఏమైతుండె. అందరు ఇన్నరు, నేను ఇనకపోతి. కన్నదాన్ని నేను ఇనకపోతి," అనుకుంట తన ఎద మీద తనే కొట్టుకుంటున్నది. నేను పట్టుకున్న. కొంచెం తేరుకొని, కొంగుతోని మొఖం తుడుసుకొని నా దిక్కు తిరిగింది.

"ఏం కత చెప్పింది మేడం? ఇంటికొచ్చి చెప్తనన్నది. ఆ మాపు అలిసి పండుకున్నది. మళ్ల నేను అడగలే, అది చెప్పలే. నువ్వు ఇన్నవు గద. జర నాకు చెప్పరాదు."

నా తాన చెప్పేటందుకు కథ లేకుండె.

ఏదో ఒకటి అల్లి చెప్దమా అని ఒక్క నిమిషం అనిపిచ్చింది. మొగులు, బావి, గొర్రె, గాలి. కని ఆమె అట్ల చూస్తుంటే నోరు రాలేదు. అంత చెప్పిన. మెట్ల కింద కూసోబెట్టిన సంగతి, సార్లు లేట్‌గ వచ్చిన సంగతి, పావుగంట దొరకని సంగతి. ఆమె చెయ్యి ఊపితే నేను మొఖం తిప్పుకున్న సంగతి కూడ చెప్పిన. నేను కూడ ఆ కథ ఇనలేదమ్మా, ఎవరు ఇనలేదు అన్న.

ఆమె ఏడుపు ఆగిపోయింది. వేదిక అంచు మీద కూసున్నది. కింద పేపర్ల రూముల ఎవరో కుర్చీ జరుపుకుంటున్న సప్పుడు వస్తున్నది.

"మరి నాకెందుకు అబద్ధం చెప్పింది?" అని అడిగింది.

"నీకు బాధైతదని."

"నాకు బాధైతదని దానికి తోచింది," అన్నది బిక్షమ్మ. గొంతు పెద్దగ చెయ్యలేదు. నన్ను తిట్టుదమని కూడ అన్నట్లు లేదు. తెలువక అడిగినట్లే అడిగింది. "దానికి బాధైతదని నీకు ఎందుకు తోచలే బిడ్డా?"

ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టి లేచింది. మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకొనే దిగింది, పట్టుకోక తప్పదు గనుక. ఆటో ఎక్కిచ్చిన.

ఆ ఎనుక ఇంకో ఏడాదిన్నర అక్కడ పనిచేసిన. ఆదివారాలు పిల్లలు తగ్గిన్రు. నేను పుస్తకం చూసి చదువుతుంటే ఇంటరు, మర్యాదకు ఇంటరు. పాటల పూటకు గోపమ్మ కొన్నాళ్లు వచ్చి మానేసింది. ఇప్పుడు నాకు కొత్తకోట దిక్కు బదిలీ అయింది. ఇక్కడ కూడ కార్యక్రమాలు పెడుతున్న. కింది అర్రలనే పెడుతున్న. ముందు పిల్లలవి, సార్లవి ఆ ఎనుక. ఒక్కసారి ఒక సారు లేచి పోయిండు. పోనియ్యమన్న. అది మల్లికకు ఏం పనికొచ్చేది కాదు.

బదిలీ కాకముందు ఆ ఊరి అంగట్ల బిక్షమ్మ అప్పుడప్పుడు ఎదురయ్యేది. ఎన్నడు మొఖం తిప్పుకోలేదు. సంచి ఒక చేతికెంచి ఇంకో చేతికి మార్చుకొని, "బాగున్నవా బిడ్డా?" అని అడిగేది.

"బాగున్నమ్మా," అనేదాన్ని. ఆమె తల ఊపి కూరగాయల దిక్కు పోయేది. నేను అంగడి బయటికి వచ్చి, స్కూటీ తాళం చేతుల పట్టుకొని, ఎటు పోవాల్నో యాదికి రాక నిలబడేదాన్ని.